వెండి పూసలు ఎప్పుడు పెట్టాలి

సెప్టెంబరు 2

ఈ ఏడు మౌలిద్‌కి, ప్రవక్త పుట్టినరోజు పండక్కి, అసీదా చేసే పనికి పై అంతస్తు పిల్ల ఇబ్తిహేల్‌ని కూడా పిలుస్తానంటోంది ఫౌజియా. పిలవనీ, నాకేం?

అసలు కడుపు మండింది దానికి కాదు. నా వంటింట్లో, నా బల్ల దగ్గరే కూర్చుని, నా కాఫీ తాగుతూ చల్లగా చెప్పింది. "ఈసారి అసీదా పెద్ద గాజు గిన్నెలో ఇబ్తిహేల్‌కి పంపుతానే."

"ఒంటరిగా ఉండేదానికి అంత గిన్నె దేనికే? వారం రోజులు తింటుందా?"

"తినడానికా ఏంటి, మర్యాదకి! మన మెట్లెక్కడం మొదలుపెట్టి ఏడాదవుతోంది. ఒక్క పండక్కీ మనం దానికి సరిగ్గా పంపింది లేదు."

మర్యాదట! ఇరవై ఏళ్ళకి పైగా ఎదురెదురు తలుపులు మావి. ఆ గాజు గిన్నె ఒక్క పండక్కి కూడా నా గడప తొక్కలేదు. అది మాత్రం దాని బుర్రకి తట్టదు.

"నీ గిన్నె, నీ ఇష్టం" అన్నాను. కప్పులో ఇంకొంచెం కాఫీ కూడా పోశాను.

సెప్టెంబరు 3

ఇది కుళ్ళు కాదు. కుళ్ళంటే వేరేగా ఉంటుంది.

సెప్టెంబరు 5

ఇవాళ పెళ్ళికూతురి గౌను ఒకటి ముందేసుకుని మెడ చుట్టూ పూసలు కుడుతూ ఇదే ఆలోచన. రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టాను.

బార్దో పేటలో మా వీధికంతా తెలుసు, అసీదా వండాలంటే ఫౌజియా, దాన్ని అలంకరించాలంటే నజీహా అని. నల్లటి పైన్ గింజలు నూరి, వడగట్టి, పిండీ చక్కెరా వేసి చెయ్యి పడిపోయేదాకా కలిపి అసీదా దించేది తను. గిన్నెల్లో పోసి పైన తెల్లటి క్రీము పరిచాక, అక్కణ్ణుంచి నా రాజ్యం. తన గిన్నెలైనా నా గిన్నెలైనా చెయ్యి నాదే.

ఆ పై అంతస్తు పిల్ల ఫోన్లో చూసి నేర్చుకుందట. ఫోన్లో ఏం చెబుతారు? క్రీము వేడిగా ఉండగా ముట్టుకోకూడదని చెబుతారా? పైన పల్చటి పొర కట్టి, వేలితో తాకితే అంటుకోనప్పుడు మొదలుపెట్టాలి. తొందరపడితే హేజల్‌నట్లు మునిగి చస్తాయి. బాదం వేయించాక పూర్తిగా చల్లారాలి, వెచ్చగా పెడితే క్రీముకి చెమట పడుతుంది. పిస్తా పొడి చల్లేటప్పుడు అట్టముక్క అడ్డం పెడితే గీత కత్తెరతో కోసినట్టు వస్తుంది. ముందు మధ్యలో ఒక గుర్తు, తర్వాత అంచు, ఆ తర్వాతే నక్షత్రం. చాలామంది నక్షత్రంతో మొదలుపెట్టి చివరికి ఓ కాలు కుంటిది చేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం చక్కెర పూసలు. వెండివైనా రంగువైనా ముందురోజు పెట్టకూడదు. క్రీములో తడి తాగి తెల్లారేసరికి రంగు వదిలేస్తాయి. పండగ పొద్దున గిన్నె గడప దాటబోయే ముందు పెట్టాలి. అమ్మ చెప్పిన మాట ఇది. నేనెవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పొద్దున్నే వచ్చి పూసలు పెడుతుంటే ఫౌజియా నాకు బద్ధకం అనుకుంటుంది. అనుకోనీ.

ఇక ఫౌజియా గిన్నెలు ఎవరెవరికి వెళతాయో చూడాలి. చెక్కుడు గాజువి డాక్టరుగారింటికి, ఇంటి యజమానికి, తన ఆడపడుచులకి. అంచు చుట్టూ చిల్గోజా పప్పులు, నడుమ నక్షత్రం, నక్షత్రం ప్రతి కొసనా వెండి పూస. పళ్ళెంలో పెట్టి, పైన ఇస్త్రీ చేసిన గుడ్డ కప్పి, దిష్టి తగలకుండా ఏదో గొణిగి మరీ పంపుతుంది. అన్నీ వెళ్ళిపోయాక సాయంత్రం ఇంట్లో చెప్పులతోనే, నూనె జుట్టు ముడేసుకుని, పెచ్చులూడిన నీలం గిన్నె ఒకటి పట్టుకుని నా తలుపు తోసుకొస్తుంది. అడుగున మిగిలిన అసీదా. మీద విరిగిన బాదం, నలిగిన పిస్తా గుప్పెడు విసిరేసి ఉంటాయి. రెండు చెంచాలు తెస్తుంది. ఆడపడుచుల్ని తిట్టుకుంటూ సగం తనే తినేస్తుంది.

ఊరందరి గిన్నెలకీ చుక్కలు దిద్దినదానికి దక్కేది ఇదీ. ఈ ఏడు అడిగేస్తే? ఛ, అడిగి తెచ్చుకున్న మర్యాద ఏం మర్యాద.

సెప్టెంబరు 7

ఇబ్తిహేల్ కాఫీకి పిలిచింది. ఫౌజియా కూడా వస్తుందంటే వెళ్ళాను.

నాలుగో అంతస్తు, గాలి బాగుంటుంది. ఇల్లు అద్దంలా పెట్టుకుంది, అది ఒప్పుకోవాలి. మందుల షాపులో పని. సీసాలు వరసగా సర్దే అలవాటు వంటింట్లో కూడా కనిపిస్తోంది. ఒక పెట్టె తెరిచి చూపించింది. అరలు అరలుగా చక్కెర పూసలు, నీలం, గులాబి, ఆకుపచ్చ, బంగారు రంగు. క్రీము పిండే గొట్టాలు. పువ్వుల ఆకారంలో కోసిన అట్టలు.

"మా సిలియానా కొండల్లో అసీదాకి ఇన్ని సోకులుండవక్కా. మా అమ్మ చేత్తో నాలుగు బాదంపప్పులు పెడితే అదే గొప్ప. ఇక్కడికొచ్చాకే ఈ పిచ్చి పట్టింది" అంది ఫౌజియాతో. నా వైపు తిరిగి, "మీరు కూడా ఇంకో కేకు ముక్క తీసుకోండి పిన్నీ" అంది.

ఫౌజియా అక్క, నేను పిన్ని! ఫౌజియా నాకన్నా ఎనిమిది నెలలు పెద్దది.

కిందికి దిగుతుంటే ఫౌజియా నవ్వాపుకోలేక రెయిలింగు పట్టుకుంది. "మొహం చూడు దీనిది! పిన్నీ అంటే అలిగావా? జుట్టుకి రంగేసుకో పిన్నీ!"

నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. అంత తెలుపేం లేదు.

సెప్టెంబరు 8

నా మొగుడు హమ్మాది భోజనాల దగ్గర అడిగాడు. "ఏంటి, పొద్దుట్నుంచీ గిన్నెలతో కుస్తీ పడుతున్నావు? ఎవరి మీద కోపం?"

"ఎవరి మీదా లేదు."

"అయితే నా మీదే." పాపం, ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి, ఎవరు ఎక్కడ దిగుతారో మొహం చూసి చెప్పేవాడు. ఇంట్లో మాత్రం ఎప్పుడూ తప్పే చెబుతాడు.

సెప్టెంబరు 10

గింజలు శుభ్రం చేశాం ముగ్గురం, ఫౌజియా ఇంట్లో. నీళ్ళలో పోసి తేలిన తుక్కు తీసేయడం, మళ్ళీ పోయడం, మళ్ళీ తీయడం. వేళ్ళన్నీ నల్లగా అయ్యాయి.

ఫౌజియా కూతురు యూస్రాకి ఈ వేసవిలోనే నిశ్చితార్థం అయింది. మౌలిద్ నాడు కాబోయే అత్తగారు బంధువుల్ని వెంటేసుకుని పండగ కానుకలతో వస్తోంది. వచ్చినవాళ్ళ ముందు అసీదా పెట్టాలి, వెళ్ళేటప్పుడు చేతికి గిన్నెలిచ్చి పంపాలి. ఆవిడ కాస్త వంకలు వెతికే రకమట. ఫౌజియాకి వారం నుంచి నిద్ర లేదు.

"ఆవిడ గిన్నెలు నువ్వే చెయ్యాలి" అంటుందని ఎదురుచూస్తున్నాను. యూస్రా నా ఒళ్ళో పెరిగిన పిల్ల. నాకు పిల్లల్లేని లోటు తెలియలేదంటే దానివల్లే. దాని అత్తారి గిన్నెలకి నేను కాక ఇంకెవరు?

"ఆ గిన్నెలు ఇబ్తిహేల్ చేస్తానంటోంది" అంది ఫౌజియా. "కుర్రవాళ్ళకి అలాంటివి నచ్చుతాయి, రంగురంగులుగా. నువ్వు పక్కనుండి చూస్తుంటే చాలు, నజీహా. నీ కన్ను పడితే నాకు ధైర్యం."

నా కన్ను పడితే!

తర్వాత ఆ పిల్ల మందుల షాపుకొచ్చే ముసలాయన దగ్గుమందు అడిగే తీరు నటించి చూపించింది. ఫౌజియా పగలబడి నవ్వి, నవ్వి, దాని భుజం మీద తల వాల్చేసింది. ఫౌజియాకి గట్టిగా నవ్వొస్తే పక్కనున్నవాళ్ళ మీద వాలిపోతుంది. ఆ పక్కనుండేది ఎప్పుడూ నేనే. ఇవాళ నేను ఎదురుగా కూర్చున్నాను, ఖర్మ. నాకూ నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

సెప్టెంబరు 12

బాదం, పిస్తా కొనడానికి ఇద్దరూ బజారుకి వెళ్ళారు. కిటికీలోంచి చూశాను. "పడుకున్నావనుకున్నానే" అంది తిరిగొచ్చాక. నేను పగలు పడుకోనని దానికి తెలుసు.

సెప్టెంబరు 13

అన్నం సయించలేదు. గౌను పని ముట్టుకోలేదు.

సెప్టెంబరు 14

రాసెయ్యాలి, లేకపోతే లోపలే ఉండిపోతుంది.

మధ్యాహ్నం నుంచి అసీదా కలిపాం, వంతులవారీగా. బాగా కుదిరింది. గిన్నెల్లో పోశాం, క్రీము పరిచాం, పొర కట్టేదాకా ఆగాం. నా గిన్నెలు ఓ వైపు, ఫౌజియావి ఓ వైపు. ఇబ్తిహేల్ అత్తారి గిన్నెలు ముందేసుకుంది. పొడవాటి వేళ్ళు, వణుకు లేదు. క్రీముతో గులాబీలు పిండింది. అట్ట పెట్టి పిస్తా తీగ అల్లింది. అబద్ధమెందుకు, నా పని ఆపి మరీ చూశాను. అంత బాగా చేస్తోంది.

యూస్రా చప్పట్లు కొట్టింది. "ఇబ్తిహేల్, నువ్వు ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?" అంది. నా యూస్రా.

అప్పుడు ఆ పిల్ల పూసల పెట్టె తెరిచింది. నీలం, గులాబి, ఆకుపచ్చ. మూత తీసి, ఓ క్షణం ఆగి నన్నడిగింది.

"పిన్నీ, ఇవి ఇప్పుడే పెట్టెయ్యొచ్చా? పొద్దున హడావుడి లేకుండా అయిపోతుంది కదా? మీరేమంటారు?"

నా నాలిక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట.

ఫౌజియా గరిటె కడుగుతూ అటునుంచే అంది. "నజీహాకి తెలుస్తుంది అవన్నీ. అది ఎలా చెబితే అలా చెయ్యి."

నేను అన్నాను, "నీకు తెలియనిదేముందమ్మా! నీకెలా బాగుంటే అలా."

పెట్టమనలేదు. రాసుకుంటున్నాను కాబట్టి సరిగ్గా రాసుకోవాలి. నేను పెట్టమనలేదు.

అది ఒక్కొక్కటే పట్టకారుతో పెట్టింది, సాయంత్రం ఎండ కిటికీలోంచి పడుతుంటే. గులాబీల చుట్టూ నీలం, తీగ మీద ఆకుపచ్చ. ఫౌజియా రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని చూసింది. "దిష్టి తగులుతుందే బాబూ" అని అయిదు వేళ్ళూ చాపింది.

నేను నా గిన్నెలకీ ఫౌజియావాటికీ పప్పులు మాత్రం పెట్టాను. తలనొప్పిగా ఉందని వచ్చేశాను. వెండి పూసల సీసా జేబులోనే ఉంది.

సెప్టెంబరు 15, మౌలిద్

పొద్దున్నే యూస్రా ఏడుపు రెండు తలుపులు దాటి వినిపించింది. నేను లేచే ఉన్నాను. నిజం చెప్పాలంటే వింటూ కూర్చున్నాను.

వెళ్ళాను. నీలం కారి గులాబీలన్నీ కమిలిన దెబ్బల్లా ఉన్నాయి. ఆకుపచ్చ తీగ కరిగి క్రీమంతా పాకింది. ఓ గిన్నెలో గులాబి, నీలం కలిసి బట్టలుతికిన నీళ్ళ రంగు. మధ్యాహ్నానికి అత్తగారు వస్తుంది.

ఇబ్తిహేల్ నైట్‌గౌను మీదే దిగొచ్చింది. "ఫోన్లో ఇలా అవుతుందని లేదక్కా, ఒట్టు. ఇంకేవైనా తెస్తాను, కొనుక్కొస్తాను..." పండగపూట ఏ దుకాణం తెరిచి ఉంటుంది?

నాకు ఒక్క నిమిషం, ఒక్కటే నిమిషం, ఎంత హాయిగా ఉందో! అది రాయకపోతే ఈ డైరీ ఎందుకు.

తర్వాత కుర్చీలు పక్కకి జరిపి పనిలోకి దిగాను. పైన క్రీము చెంచాతో పల్చగా ఎత్తేశాం. పాలు పెట్టి కొత్త క్రీము కాచాం. ఐసు మీద పెట్టి చల్లార్చాం. ఫౌజియా కలుపుతోంది, యూస్రా బాదం వేయిస్తోంది, నేను అంచులు మొదలుపెట్టాను. నా చేతులు ఎంత వేగంగా ఆడాయో! మధ్యలో గుర్తు, అంచు, నక్షత్రం. మనసులో అనుకుంటున్నాను, ఇప్పుడు తెలిసొచ్చిందా నేనెవరో.

చివరికి జేబులోంచి వెండి పూసల సీసా తీశాను.

ఫౌజియా చూసింది. సీసాని కాదు, గట్టు మీద ఉన్న నా గిన్నెలని. పప్పులు మాత్రమే ఉన్నాయి వాటి మీద, ఎక్కడా ఒక్క పూస లేదు, శుభ్రంగా ఉన్నాయి.

"నీవాటికి నిన్న పెట్టలేదేం?"

"తలనొప్పని చెప్పానుగా."

"తలనొప్పి" అంది ఫౌజియా. గరిటె పక్కన పెట్టి, "ఏటేటా పొద్దున్నే పెడతావు నువ్వు" అంది. అడగటం కాదది, తనలో తను అనుకున్నట్టుంది.

ఇబ్తిహేల్ ముక్కు చీదుకుంటూ, "నేను పిన్నిని అడిగాను కూడా" అంది. చాడీ చెప్పినట్టు కాదు. పాపం, తన తెలివి చాలలేదని బాధపడుతున్నట్టు అంది. అందుకే అంత గట్టిగా తగిలింది.

నేను పూసలు పెడుతూనే ఉన్నాను. ఒకటి చేజారి నేల మీద ఎక్కడికో దొర్లిపోయింది.

అత్తగారు వచ్చింది, అక్కచెల్లెళ్ళతో, కానుకల బుట్టలతో. అసీదా తిని కళ్ళు మూసుకుంది. గిన్నె చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "ఈ చెయ్యెవరిది? ఇంత తీరైన నక్షత్రం నేను మా అమ్మ దగ్గరే చూశాను" అంది.

ఇన్నేళ్ళూ ఎవరు అడిగినా ఫౌజియా చెప్పే జవాబు ఒకటే, "మా నజీహా, ఇంకెవరు?" అని. ఇవాళ నా వైపు చెయ్యి చూపించి అంది, "ఎదురింటి నజీహా గారు చేసి పెట్టారండీ. మాకెంతో సాయం చేశారు."

గారు.

సెప్టెంబరు 15, సాయంత్రం

ఎదురుచూస్తూ కూర్చున్నాను. తలుపు దగ్గరగా వేసి ఉంచాను, తోసుకు రావడానికి వీలుగా.

వచ్చింది యూస్రా. కొత్త బట్టల్లో, తలుపు తట్టి, గడప అవతలే నిలబడింది. చేతిలో పళ్ళెం, పైన ఇస్త్రీ చేసిన గుడ్డ.

"పండగ శుభాకాంక్షలు, నజీహా పిన్నీ. అమ్మ ఇచ్చి రమ్మంది. వచ్చే ఏడు ఇంతకన్నా బాగుండాలని చెప్పమంది."

"లోపలికి రావే."

"ఇంకా ఇళ్ళున్నాయి, వెళ్ళాలి." దాని కళ్ళు నా మొహం మీద నిలవలేదు. అంటే తల్లి చెప్పేసిందన్నమాట.

గుడ్డ తీశాను. పెద్ద గాజు గిన్నె. అంచు చుట్టూ చిల్గోజాలు, నడుమ నక్షత్రం, కొసకొసకీ వెండి పూస. పొద్దున నేను పెట్టినదే, నా చేతి పనే నా ఇంటికొచ్చింది.

హమ్మాది తొంగి చూశాడు. "అబ్బో! ఈసారి మనకీ గాజు గిన్నే! డాక్టరుగారి వరసలో చేరిపోయామే. ఏళ్ళ తరబడి దీనికోసమే కదా సణుగుతున్నావు, ఇప్పుడా ఏడుపు మొహమేంటి?"

"ఏడవటం లేదు" అన్నాను.

చెంచా తెచ్చుకుని నక్షత్రం మధ్యలోనే గుచ్చాడు. అతనికేం తెలుసు. నేనూ తిన్నాను. అదే అసీదా, అదే రుచి. ఒక్క చెంచాతో ఆపేశాను.

సెప్టెంబరు 16

చెత్త పడేయడానికి మెట్ల మీదికి వెళ్ళాను. ఫౌజియా పైకెక్కుతోంది. ఇంట్లో చెప్పులు, నూనె జుట్టు ముడి. చేతిలో నీలం గిన్నె, దాన్లో రెండు చెంచాలు.

నన్ను చూసి, "బాగున్నారా?" అంది. ఎక్కి వెళ్ళిపోయింది. నాలుగో అంతస్తులో తలుపు తోసిన చప్పుడు, ఆ పిల్ల గొంతు, ఫౌజియా గొంతు. మా ఆడపడుచు ఏమందో తెలుసా అంటోంది.

మెట్ల మీదే చెత్త సంచీ పట్టుకుని నిలబడిపోయాను. నాకు ఒళ్ళంతా మంట. గాజు గిన్నె దానికిస్తానన్నప్పుడు మండింది మంటే కాదు. ఆ పెచ్చులూడిన గిన్నె నాది. ఆ విరిగిన బాదం నాది. బయటివాళ్ళ గిన్నెకోసం ఇన్నేళ్ళు నోరూరించుకున్న మూర్ఖురాలిని, నా గిన్నె నేనే పోగొట్టుకున్నాను.

కుళ్ళే. రాసేస్తున్నాను. మొదట్నుంచీ కుళ్ళే.

సెప్టెంబరు 17

గౌను పని పూర్తి చేశాను. ఎవరితోనూ మాట్లాడలేదు.

సెప్టెంబరు 18

హమ్మాదికి మొత్తం చెప్పాను. "అడిగినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేదిగా" అన్నాడు. అంతే. ఆ తర్వాత నాకు టీ పెట్టిచ్చాడు.

సెప్టెంబరు 20

గిన్నె తిరిగి ఇవ్వాలి. ఖాళీగా ఇవ్వకూడదు కాబట్టి రవ్వలో ఖర్జూరం పెట్టి మక్రూద్ మిఠాయి చేశాను, ఫౌజియాకి ఇష్టమని తేనె ఎక్కువ వేసి. పైన ఏ అలంకారమూ చెయ్యలేదు. నువ్వులు కూడా చల్లలేదు.

ఏమనాలో దారిపొడుగునా అనుకున్నాను. దారంటే ఎంత, రెండు తలుపుల మధ్య చోటు. "తెలిసే చేశాను, ఫౌజియా. ఆ పిల్ల అడిగితే చెప్పలేదు. తప్పు నాది. దాని దగ్గరికి కూడా వెళ్ళి చెబుతాను." ఇంతే. పెద్ద మాటలేం కావు.

తలుపు తోశాను. లోపల గడియ వేసి ఉంది.

పక్కన బెల్లు ఉంది. ఇన్నేళ్ళలో ఆ బెల్లు నేనెప్పుడూ నొక్కలేదు, దాని మోత ఎలా ఉంటుందో కూడా తెలియదు. నొక్కాను. సన్నగా, పిట్ట కూసినట్టు మోగింది.

లోపల చెప్పుల చప్పుడు తలుపుదాకా వచ్చి ఆగింది.

"ఎవరూ?"

"నేనే" అన్నాను.

"నేనే అంటే ఎవరు?" అంది ఫౌజియా.

గిన్నె రెండు చేతులతో పట్టుకుని నా పేరు చెప్పాను.